ఒంటి ఇంటి బాడుగ నుంచి అపార్ట్‌మెంటు బిల్డింగు దాకా

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో మధ్యతరగతి కుటుంబానికి జీతం తర్వాత రెండో ఆదాయం చాలాకాలంగా ఇంటి బాడుగే. కింద తాము ఉంటూ మిద్దె మీద ఒక పోర్షన్ వేసి బాడుగకు ఇవ్వడం ఇందులో మొదటి మెట్టు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతోనో, పొలం అమ్మిన డబ్బుతోనో కొర్లగుంటలోనో, ఎం.ఆర్.పల్లిలోనో, చిత్తూరైతే గ్రీమ్స్‌పేటలోనో ఇంకో ఇల్లు కొని దాన్నీ బాడుగకు ఇవ్వడం రెండోది. ఇప్పుడు మూడో మెట్టు ఎక్కేవాళ్ళు పెరిగారు. విడివిడిగా ఉన్న ఇళ్ళు అమ్మి గానీ, పాత ఇల్లు పడగొట్టి గానీ ఆరో ఎనిమిదో పోర్షన్లున్న బిల్డింగుకు మారుతున్నారు. పైకి చూస్తే ఉన్న వ్యాపారమే పెద్దదైనట్టు కనిపిస్తుంది. లోపలి లెక్క మాత్రం పూర్తిగా మారిపోతుంది.

విడి ఇంటికి విలువ ప్రధానంగా దాని కింది స్థలానిదే. తిరుపతిలో ఇంటి స్థలాన్ని ఇప్పటికీ అంకణాల్లో లెక్కిస్తారు. ఇక్కడ ఆరడుగుల చదరం, అంటే 36 చదరపు అడుగులు, ఒక అంకణం. సెంటుకు 12 అంకణాల పైచిలుకు. యాభై అంకణాల స్థలంలో పాతికేళ్ళ నాటి ఇల్లుంటే, కొనేవాడు గోడలకు ఇచ్చేది స్వల్పం, ధరంతా అంకణాలకే. అలాంటి ఇంటి మీద వచ్చే బాడుగ తక్కువైనా యజమాని పెద్దగా పట్టించుకోడు, స్థలం ధర పెరుగుతుందన్న ధీమా ఉంటుంది. చిక్కల్లా ఇల్లు ఖాళీ అయినప్పుడు. ఒకే కుటుంబం బాడుగకు ఉన్న ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే ఆ రెండు నెలలు రాబడి సున్నా. ఎనిమిది పోర్షన్ల బిల్డింగులో ఒకటి ఖాళీ అయితే పోయేది ఎనిమిదో వంతే. నెలనెలా బాడుగ మీదే ఆధారపడే పెద్దవయసు దంపతులకు ఈ నిలకడ చాలా విలువైనది. బిల్డింగుకు మారడానికి ఇదే బలమైన కారణం.

బిల్డింగు నిండాలంటే బాడుగకు వచ్చేవాళ్ళు ఎవరో ముందే తెలిసి ఉండాలి. తిరుపతిలో ఆ గిరాకీ ఒక్కచోట నుంచి వచ్చేది కాదు. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల, రుయా, స్విమ్స్ ఆస్పత్రులు పట్టణం పడమటి వైపు బాడుగలను నిలబెట్టాయి. దేవస్థానం ఉద్యోగులు, వాళ్ళ బంధువర్గం, యాత్రికుల మీద బతికే చిన్న వ్యాపారాలవాళ్ళు పాత ఊరిని, తిరుచానూరు రోడ్డును నింపుతారు. 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ ఏర్పేడు వైపు, విమానాశ్రయం, ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు రేణిగుంట వైపు కొత్త గిరాకీ తెచ్చాయి. కరకంబాడిలో అమర రాజా బ్యాటరీల పరిశ్రమ అంతకు ముందు నుంచే ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా కేంద్రం కావడంతో కొత్త కార్యాలయాలు, వాటితో ఉద్యోగులూ వచ్చారు. చిత్తూరు పరిస్థితి వేరు. అక్కడ జిల్లా కార్యాలయాల ఉద్యోగులు, మురకంబట్టు దగ్గరి అపోలో వైద్య కళాశాల, వేలూరుకు రోజూ వెళ్ళొచ్చేవాళ్ళు గిరాకీకి ఆధారం. ఉమ్మడి జిల్లా విడిపోయాక కొంత బరువు తిరుపతి వైపు మొగ్గింది కాబట్టి, చిత్తూరులో ఎనిమిది పోర్షన్లు ఒకేసారి నిండుతాయని లెక్క వేసుకోవడం తొందరపాటే. ఒకే కాలేజీనో ఒకే ఫ్యాక్టరీనో నమ్ముకుని కట్టిన బిల్డింగు కన్నా, ఆస్పత్రి, విశ్వవిద్యాలయం, బస్టాండు మూడూ అందే చోట ఉన్న బిల్డింగు తక్కువ బాడుగ తెచ్చినా మేలు.

అసలు లెక్క ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఈ అంకెలు పద్ధతి చూపడానికే, ఏ వీధి ధరలూ కావు. వంద అంకణాల స్థలంలో, కింద పార్కింగుకు స్టిల్టు వదిలి, పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకు రెండు చొప్పున ఎనిమిది డబుల్ బెడ్‌రూం పోర్షన్లు. ఒక్కోదానికి బాడుగ 12,000. నెలకు 96,000, ఏడాదికి 11,52,000. బిల్డింగు అమ్మే దళారీ చెప్పే అంకె ఇక్కడే ఆగిపోతుంది. కొనేవాడు ఇక్కడి నుంచి కిందికి లెక్కించాలి. ఖాళీలకు, ఆలస్యాలకు ఏడాదిలో ఒక నెల బాడుగ తీసేస్తే 10,56,000 మిగులుతుంది. ఆస్తి పన్ను 40,000. లిఫ్టుకు, మోటారుకు, మెట్ల దీపాలకు కరెంటు నెలకు 6,000 చొప్పున 72,000. వాచ్‌మన్ జీతం 1,20,000. లిఫ్టు కంపెనీకి ఏడాది నిర్వహణ ఒప్పందం 36,000. మరమ్మతులకు, రంగులకు, కారే కుళాయిలకు లక్షా ఎనిమిది వేలు.

వేసవి నీళ్ళ ఖర్చును విడిగా లెక్క వేసుకోవాలి. ఎనిమిది కుటుంబాలంటే సుమారు 32 మంది. పట్టణ నీటి సరఫరాకు ప్రభుత్వ ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. అంటే బిల్డింగుకు రోజుకు 4,300 లీటర్ల పైమాట, దాదాపు ఒక ట్యాంకరు. బోరు అడుగంటిన నాలుగు నెలలూ రోజుకొక ట్యాంకరు, ఒక్కోటి 500 రూపాయలు అనుకున్నా 60,000 అవుతుంది. అన్నీ కలిపితే ఖర్చు 4,36,000. చేతికి మిగిలేది 6,20,000. బిల్డింగు ధర రెండున్నర కోట్లయితే ఇది రెండున్నర శాతం కూడా కాదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం, అంటే దాదాపు 19 లక్షలు, కొనుగోలు ధరకు చేరిస్తే రాబడి 2.3 శాతానికి దిగుతుంది. మెయింటెనెన్స్ విడిగా వసూలు చేస్తే కాస్త మెరుగుపడుతుంది. బ్యాంకు ఫిక్సెడ్ డిపాజిట్ ఇంతకన్నా ఎక్కువ ఇస్తుంది. బాడుగలు ఏటా పెరుగుతాయి, స్థలం విలువ పెరుగుతుంది అన్న రెండు నమ్మకాల మీదే ఈ పెట్టుబడి నిలబడుతుంది. ఆ నమ్మకాలకు ఆధారముంది. అయితే ఆ పెరుగుదల చేతికొచ్చేదాకా బిల్డింగు తన ఖర్చు తాను మోయగలగాలి.

అప్పు మాట వచ్చేసరికి ఈ రెండున్నర శాతం నిజరూపం తెలుస్తుంది. కోటిన్నర అప్పు తీసుకుని 9 శాతం వడ్డీతో 20 ఏళ్ళలో తీర్చాలంటే నెల కంతు దాదాపు 1,35,000. బిల్డింగు మొత్తం బాడుగ 96,000, ఖర్చులు పోగా నెలకు మిగిలేది 52,000 లోపు. తేడా యజమాని జేబులోంచి ఇరవై ఏళ్ళు కట్టాలి. ఈ బిల్డింగు తన బాడుగతో తాను తీర్చుకోగల అప్పు యాభై లక్షల దగ్గరే ఆగుతుంది, దాని కంతు 45,000. అందువల్ల బిల్డింగుకు మారే కుటుంబం చేతిలో ముందే పెద్ద మొత్తం ఉండాలి, లేదా స్థలం సొంతమై ఉండాలి.

పైగా విడి ఇంటికి దొరికినంత తేలికగా బిల్డింగుకు గృహరుణం దొరకదు. రిజర్వు బ్యాంకు నిబంధనల్లో గృహరుణానికి పరిమితులున్నాయి. అప్పు 30 లక్షల దాకా అయితే ఇంటి విలువలో 90 శాతం, 75 లక్షల దాకా అయితే 80 శాతం, ఆ పైన 75 శాతం వరకే ఇవ్వాలి. 2009లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఒక వ్యక్తికి అప్పు మీద ఉన్న ఇళ్ళు రెండు దాటితే, మూడో ఇంటి నుంచి ఆ అప్పును వాణిజ్య స్థిరాస్తి కింద లెక్కించవచ్చు, ఎందుకంటే ఆ అప్పు తీరేది ప్రధానంగా బాడుగ మీదే. వాణిజ్య రుణమంటే వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. రెండు ఇళ్ళు అప్పు మీద కొని బాడుగకు ఇచ్చినవాళ్ళు మూడోసారి బ్యాంకుకు వెళ్ళి అదే వడ్డీ ఆశించి భంగపడేది ఇక్కడే.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి ఈ ఆలోచన తిరుపతికి చేరే సందర్భాలు చాలా ఉన్నాయి. అక్కడ నాలుగు పోర్షన్ల దాకా ఇంటి రుణం, నాలుగు దాటితే వాణిజ్య రుణం. డాలస్, హ్యూస్టన్ వంటి నగరాల్లో పదిమంది కలిసి డబ్బు వేసుకుని రెండు వందల ఫ్లాట్ల సముదాయాలు కొనడం తెలుగువాళ్ళలోనూ బాగా వ్యాపించింది. అక్కడ బాడుగ రాబడి శాతం ఎక్కువ కాబట్టి అప్పుతో నడిచింది. 2022 మార్చిలో సున్నాకు దగ్గరగా ఉన్న అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు 2023 జూలైకి అయిదుంపావు శాతం దాటేసరికి, మారే వడ్డీకి అప్పు తెచ్చినవాళ్ళు చిక్కుల్లో పడ్డారు. 2023లో హ్యూస్టన్‌లో ఒకే సంస్థ చేతిలోని మూడు వేలకు పైగా ఫ్లాట్లు అప్పు తీరక పోయాయి, వాటిలో వాటాలు పెట్టిన చిన్న మదుపర్ల డబ్బూ పోయింది. బాడుగ రాబడి అంతకన్నా తక్కువున్న తిరుపతిలో అదే పద్ధతిలో అప్పు మీద ఆధారపడటం ఇంకా ప్రమాదం.

ఇక్కడి కుటుంబాలు బిల్డింగు యజమానులయ్యే దారులు మూడు. ఒకటి, కట్టిన అపార్ట్‌మెంట్లలో ఒక్కొక్క ఫ్లాటు కొనుక్కుంటూ పోవడం. దీనికి రుణం తేలిక, అమ్మకం తేలిక. అయితే ఫ్లాటుతో వచ్చేది స్థలంలో అవిభక్త వాటా మాత్రమే. వాటర్ ట్యాంకు కడిగించాలన్నా అసోసియేషన్ ఒప్పుకోవాలి. వేరువేరు చోట్ల నాలుగు ఫ్లాట్లున్నవాడికి నాలుగు అసోసియేషన్లు, నాలుగు మోటార్లు, నాలుగు తగాదాలు. రెండోది మొత్తం బిల్డింగు కొనడం, పైన లెక్క చూసింది దాన్నే. మూడోది, తిరుపతిలో ఎక్కువమంది నడిచే దారి, సొంత స్థలాన్ని బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇవ్వడం. అన్నదమ్ములు పంచుకోలేని పాత ఇళ్ళు, చుట్టూ ఖాళీ జాగా ఉన్న ఇళ్ళు ఎయిర్ బైపాస్ రోడ్డు వంటి చోట్ల ఇలాగే అపార్ట్‌మెంట్లుగా మారాయి. బిల్డరు కడతాడు, ఫ్లాట్లను ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. చేతి డబ్బు పెట్టకుండానే ఒక ఇంటి యజమాని నాలుగైదు ఫ్లాట్ల యజమాని అవుతాడు. మూడింటిలోకీ చిన్న కుటుంబానికి ఎక్కువ మేలు చేసేది ఇదే, ఒప్పందం గట్టిగా రాసుకుంటే. ఎవరికి ఏ అంతస్తులో ఏ మూల ఫ్లాటు, ఎన్ని నెలల్లో పూర్తి కావాలి, ఆలస్యమైతే బిల్డరు నెలకు ఎంత ఇవ్వాలి, కట్టేంతకాలం యజమాని ఉండే ఇంటికి బాడుగ ఎవరు కట్టాలి, ఇవన్నీ రిజిస్టరైన పత్రంలో ఉండాలి. 2017 ఆర్థిక చట్టం తెచ్చిన సవరణ వల్ల, ఇలా స్థలమిచ్చిన వ్యక్తికి మూలధన లాభం పన్ను ఒప్పందం నాడు కాక, నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చిన ఏడాది పడుతుంది. అయితే ఆ పత్రం రాకముందే తన వాటా ఫ్లాటు అమ్ముకుంటే ఈ వెసులుబాటు పోతుంది.

ఏ దారిలో వెళ్ళినా మొదట చూడాల్సింది స్థలం మూలం. తిరుపతి చుట్టుపక్కల దేవస్థానం భూములు, 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయాన్ని నిర్వహించిన హథీరాంజీ మఠం భూములు, చెరువు పోరంబోకులు, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టాలు పట్టణంలో కలిసిపోయి ఉన్నాయి. వీటిలో చాలా సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ నిషేధ జాబితాలో చేరాయి. 1977 అసైన్డ్ భూముల చట్టం కూడా ఇలాంటి డీకేటీ భూమి బదిలీకి ఆంక్షలు పెడుతుంది. విడి ఇల్లు చిక్కులో పడితే పోయేది ఒక ఇల్లు. బిల్డింగు చిక్కులో పడితే ఎనిమిది బాడుగలూ, జీవితకాలపు పొదుపూ ఒకేసారి పోతాయి. ముప్పై ఏళ్ళకు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి, లింకు డాక్యుమెంట్లు వరసగా చూసి, సర్వే నంబరు నిషేధ జాబితాలో లేదని తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వడం సరైన పని.

తర్వాత ప్లాను. పట్టణం లోపల మునిసిపల్ కార్పొరేషన్, వెలుపల తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) అనుమతులిస్తాయి. 2017 భవన నిర్మాణ నిబంధనలు, 1987 నాటి రాష్ట్ర అపార్ట్‌మెంట్ల చట్టం ఇక్కడ ముఖ్యం. మూడు అంతస్తులకు అనుమతి తెచ్చి నాలుగో అంతస్తూ, దానిపైన పెంట్‌హౌసూ వేసిన బిల్డింగులు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. అనుమతి లేని అంతస్తు బాడుగ కూడా లెక్కలో కలిపి ధర చెబుతారు. కొనేవాడు ఆ అంతస్తు బాడుగను సున్నాగా రాసుకుని ధర కట్టుకోవాలి, లేదా క్రమబద్ధీకరించిన పత్రం అడిగి తీసుకోవాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని బిల్డింగుకు దూరంగా ఉండటమే మంచిది. స్థిరాస్తి నియంత్రణ చట్టం, రెరా, రక్షణగా ఉంటుందని అనుకుంటారు గానీ, స్థలం 500 చదరపు మీటర్లు దాటని, లేదా ఫ్లాట్లు ఎనిమిదికి మించని నిర్మాణానికి రెరా నమోదు అక్కర్లేదు. పై ఉదాహరణలోని వంద అంకణాలంటే సుమారు 334 చదరపు మీటర్లే. తిరుపతి సందుల్లో లేచే బిల్డింగుల్లో చాలా భాగం ఇలా రెరా గీతకు ఇవతలే ఉంటాయి. అక్కడ కొనేవాడి జాగ్రత్తే అతనికి రక్షణ.

కాగితాల తర్వాత నీళ్ళు. కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్ళు తిరుపతికి ఆధారం. కుళాయి నీళ్ళు సంపులో పడి, మోటారుతో మిద్దె మీది ట్యాంకుకెక్కి, ఎనిమిది ఇళ్ళకు దిగాలి. బిల్డింగు చూడటానికి మే నెలలో పొద్దున్నే వెళ్ళాలి. బోరు ఎన్ని నిమిషాలు పోస్తుందో, నాలుగో అంతస్తు బాత్రూములో నీళ్ళ జోరు ఎలా ఉందో అప్పుడే తెలుస్తుంది. అదే బిల్డింగును నవంబరు వానల్లో మళ్ళీ చూడాలి. 2021 నవంబరు కుండపోతలో తిరుపతి పల్లపు వీధులు మునిగిపోయి, సెల్లార్లలో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. శ్రీకృష్ణానగర్‌లో భూమిలో దించిన సిమెంటు రింగుల నీళ్ళ తొట్టి, శుభ్రం చేయడానికి ఖాళీ చేస్తుండగా కింది నీటి ఒత్తిడికి నేల చీల్చుకుని పైకి లేచి నిలబడింది. కొండ మీద పడిన వాన ఊళ్ళోంచే దిగాలి, పాత చెరువులు, కాలువలు ఇళ్ళ కింద పడ్డాయి. పాత చెరువు ఆయకట్టులో కట్టిన బిల్డింగుకు లిఫ్టు గుంత, కరెంటు మీటర్ల బోర్డు, సంపు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడకుండా ధర మాట్లాడకూడదు. మీటర్ల విషయంలో ఇంకోటుంది. ఒకే మీటరు మీద నాలుగు పోర్షన్లు నడిపితే వాడకం పై శ్లాబుకు ఎక్కి యూనిట్ ధర పెరుగుతుంది. ప్రతి పోర్షన్‌కూ విడి మీటరు, ఉమ్మడి అవసరాలకు మరొకటి ఉన్న బిల్డింగే నడపడానికి సులువు.

బాడుగ ఒప్పందాలు సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు. కేంద్ర చట్టంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడం దానికి కారణం, ఆంధ్రప్రదేశ్ సవరణలో మాత్రం ఏ లీజుకైనా తప్పనిసరే. చిత్తూరు వైపు నెలబాడుగ బదులు అయిదో పదో లక్షలు ఒకేసారి తీసుకుని, రెండు మూడేళ్ళ తర్వాత తిరిగిచ్చే లీజు (భోగ్యం) పద్ధతీ ఉంది. ఎనిమిది పోర్షన్లూ ఇలా ఇచ్చి ఆ డబ్బుతో బిల్డింగు అప్పు తీర్చినవాళ్ళున్నారు. అది రాబడి కాదు, వడ్డీ లేని మరో అప్పు. ఒకే ఏడాదిలో ముగ్గురు ఖాళీ చేస్తే తిరిగివ్వడానికి డబ్బు సిద్ధంగా ఉండాలి. విద్యార్థుల హాస్టలుగా ఇస్తే రాబడి పెరుగుతుంది. మనిషికి నెలకు 20,000 మించకుండా, కనీసం 90 రోజులు ఉండే వసతికి 2024 జూలై నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. అయితే అగ్నిమాపక జాగ్రత్తలు, అదనపు మెట్లు, నీళ్ళు, పక్కింటివాళ్ళ అభ్యంతరాలు అన్నీ యజమానికే చుట్టుకుంటాయి. యాత్రికులకు రోజువారీ గదులిస్తే అది లాడ్జి వ్యాపారం, దాని అనుమతులు, పన్నులు వేరు.

పన్ను లెక్కలోనూ విడి ఇల్లు, బిల్డింగు ఒకటి కావు. వచ్చిన బాడుగలోంచి కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం ఖర్చుల కింద మినహాయిస్తారు. నిజంగా ఎంత ఖర్చయిందని అడగరు. విడి ఇంటికి అంత ఖర్చుండదు కాబట్టి యజమానికి లాభం. ఉదాహరణలోని బిల్డింగుకు మినహాయింపు 3,04,800, ఆస్తి పన్ను కాక నిజమైన ఖర్చు 3,96,000. తొంభై ఒక్క వేలు ఖర్చుపెట్టీ ఆదాయంగా చూపి పన్ను కట్టాలి. ఆస్తి పన్ను కూడా 2021-22 నుంచి బాడుగ విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. ఏడాదికి 15 శాతం దాకా పెరగవచ్చు కాబట్టి ఆ పెరుగుదలను ముందే లెక్కలో పెట్టుకోవాలి.

చివరి ఘట్టం అమ్మకం, లేదా పంపకం. మూడు విడి ఇళ్ళున్న తండ్రి ముగ్గురు పిల్లలకూ తలా ఒకటి రాసివ్వగలడు. బిల్డింగును పంచాలంటే ప్రతి పోర్షన్‌కూ స్థలంలో అవిభక్త వాటా, పార్కింగు, మిద్దె మీది హక్కు విడివిడిగా పత్రంలో రాయాలి. ముఖ్యంగా మిద్దె హక్కు రాయకపోతే తర్వాత ఎవరో ఒకరు పైన గది వేస్తారు, తగాదా కోర్టుకెక్కుతుంది. మొత్తంగా అమ్మడానికి రెండున్నర కోట్లు పెట్టగలవాడు కావాలి, అలాంటివాళ్ళు తక్కువ, బేరం నెలల తరబడి సాగుతుంది. ఫ్లాట్లుగా విడగొట్టి అమ్మితే కొనేవాళ్ళు దొరుకుతారు. కొనేవాడి బ్యాంకు అడిగేవి మాత్రం మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, విడి కరెంటు మీటరు, విడి ఆస్తి పన్ను అసెస్‌మెంటు నంబరు. కట్టేటప్పుడో కొనేటప్పుడో ఇవి సమకూర్చుకున్న యజమాని ఒక్క ఫ్లాటు అమ్మి ఆస్పత్రి ఖర్చో, బిడ్డ పెళ్ళో గట్టెక్కించుకుని, మిగతా ఏడింటి బాడుగ యథాప్రకారం తీసుకోగలుగుతాడు.